సెల్‌ఫోనులో కోతులాట: చిల్లర వేస్తున్నదెవరు?

రావులపాలెం: గోదావరి పల్లెల్లో యాభయ్యేళ్లు దాటిన వారెవరికైనా కోతులాట గుర్తుండే వుంటుంది. మాసూళ్లు అయి ధాన్యం ఇళ్లకు చేరే రోజుల్లో గంగిరెద్దుల వాళ్లు, చిలకజోస్యం వాళ్లు, ఎలుగుబంటి వెంట్రుకల తాయెత్తులు అమ్మేవాళ్లు వచ్చినట్లే కోతినాడించే వాడూ వచ్చేవాడు. రావిచెట్టు కింద గుడ్డ పరిచేవాడు. కోతికి లాగూ చొక్కా తొడిగి వుండేది. "అత్తారింటికి ఎలా వెళతావురా?" అని అడిగితే అది కర్ర భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచేది. పిల్లలు పకపకా నవ్వేవారు. పెద్దలు పది పైసలో, పావలాయో, దోసెడు బియ్యమో గుడ్డ మీద వేసేవారు. కోతి మెడకు తాడు వుండేదనీ, ఆ తాడు రెండో కొస పట్టుకున్న చేతిలోనే బెత్తం కూడా వుండేదనీ అందరికీ కనబడేదే, ఎవరికీ పట్టనిదే.

ఆ ఆటకు చట్టం అడ్డుకట్ట వేసింది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఈ అయిదింటినీ ఆడించి చూపించకూడదని 1998 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. సర్కసుల యజమానులు కోర్టులకెక్కారు. 2001లో సుప్రీం కోర్టు ప్రభుత్వ ఉత్తర్వునే ఖాయపరిచింది. సర్కసు డేరాల్లో సింహం బోను ఖాళీ అయింది. వీధిలో డమరుకం చప్పుడు ఆగింది. కోతినాడించి పొట్ట పోసుకునే సంచార కుటుంబాలలో చాలామంది కూలిపనికో, రిక్షాకో, యాచనకో మళ్లారు. ఉత్తర్వు మంచిదే గాని, ఆ కుటుంబాలకు బదులు బతుకుతెరువు చూపించే పని మాత్రం సరిగా జరగలేదన్నది ఒప్పుకోక తప్పని నిజం.

ఇక్కడితో కథ ముగిసిందనుకుంటే పొరపాటే. ఆట వీధిలోంచి సెల్‌ఫోనులోకి దూరింది. ఈనాడు ఏ పల్లెలో ఏ అరుగు మీద చూసినా నలుగురు కూర్చుని ఒకే సెల్లులోకి తొంగి చూస్తుంటారు. అందులో చొక్కా వేసుకున్న కోతిపిల్ల వుంటుంది. చంటిబిడ్డకు కట్టినట్లు దానికి లంగోటా కట్టి, సీసాతో పాలు పట్టి, స్నానం చేయించి, పౌడరు రాసి చూపిస్తారు. ఇంకొక దానిలో చిన్న చిరుతపులి మంచం మీద పడుకుని వుంటుంది. మరొక దానిలో భుజం మీద రంగురంగుల విదేశీ చిలుక, మెడలో కొండచిలువ. కింద గుండె బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వేలకొద్దీ. ఎంతమంది చూస్తే అంత ప్రకటనల సొమ్ము తీసినవాడికి ముడుతుంది. అంటే ఆనాడు గుడ్డ మీద పావలా వేసిన చెయ్యే ఈనాడు గాజుపలక మీద వేలు నొక్కుతోంది. తేడా ఒక్కటే. ఆనాడు తాడు కనబడేది. ఈనాడు తాడు బొమ్మ అంచుకు అవతల వుంటుంది.

"ఎంత ముద్దుగా నవ్వుతోందో చూడండి" అని ఒకరి నుంచి ఒకరికి వాట్సాప్‌లో పంపుకునే కోతి బొమ్మ సంగతే తీసుకుందాం. పళ్లన్నీ కనబడేటట్లు పెదాలు వెనక్కు లాగడం కోతి భాషలో నవ్వు కాదు. అది భయపడినప్పుడు, తనకన్నా బలవంతుడి ముందు లొంగిపోయినప్పుడు చేసే పని. చింపాంజీ కూడా అంతే. సినిమాల్లో, ప్రకటనల్లో ఇకిలించి నవ్వే చింపాంజీ చాలావరకు భయపడిన చింపాంజీయే. చూసేవాడు పడీపడీ నవ్వుతున్న క్షణంలో చూపించబడే ప్రాణి వణికిపోతూ వుంటుందన్నమాట. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇంతకన్నా సూటిగా సరిపోయే చోటు మరొకటి లేదు.

దేవాంగపిల్లి జాతి సంగతి ఇంకా ఘోరం. మన రాష్ట్రంలో నల్లమల, శేషాచలం అడవుల్లో బక్కపలచని దేవాంగపిల్లి వుంది. పెద్ద పెద్ద కళ్లతో, రాత్రిపూట మాత్రమే తిరిగే చిన్న ప్రాణి. మూఢనమ్మకాల వాళ్లు చేతబడి పేరుతో, మందుల పేరుతో దాన్ని పట్టి హింసించడం పాతకాలం నుంచీ వున్నదే. దీని దాయాది ఒకటి ఆగ్నేయాసియా దేశాల్లోనూ, మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోనూ వుంటుంది. కదలిక మెల్లగా వుండే జంతువు. 2009లో ఒక ఇంట్లో దానికి చక్కిలిగింతలు పెడుతుంటే అది రెండు చేతులూ పైకెత్తి కూర్చున్న దృశ్యం ప్రపంచమంతా తిరిగింది. "ఇంకా పెట్టమని అడుగుతోంది" అని లక్షలమంది మురిసిపోయారు. అసలు సంగతేమిటంటే, ఆ జంతువుకు మోచేతి దగ్గర విషగ్రంథి వుంటుంది. ఆపద వచ్చినప్పుడు చేతులెత్తి ఆ విషాన్ని నాకి, లాలాజలంతో కలిపి కరవడానికి సిద్ధపడుతుంది. చేతులెత్తడం సంబరం కాదు, ఆత్మరక్షణ. అది కరవకుండా వుండటానికి సంతల్లో అమ్మేవాళ్లు ముందే దాని పళ్లు కత్తిరిస్తారు. మత్తుమందు లేదు, మాకు లేదు. పుండు కుళ్లి చాలా ప్రాణులు దారిలోనే చస్తాయి. రాత్రిపూట తిరిగే ప్రాణిని పట్టపగటి వెలుగులో, దీపాల కింద కూర్చోబెట్టి ఆడిస్తారు. ఆ దృశ్యం చూసి తమకూ ఒకటి కావాలని రాసినవాళ్లకు లెక్కే లేదు. కోరిక పుట్టిన చోట సరుకు పుడుతుంది. బాంకాక్ నుంచి వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో కోతిజాతి పిల్లలు, బల్లులు, పాములు కుక్కివుండగా చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వారు ఎన్నోసార్లు పట్టుకున్నారు. కొన్ని పెట్టెలు తెరిచేసరికే లోపలివి ప్రాణం పోయి వున్నాయి.

ఇంతకన్నా దారుణం 2023లో బి.బి.సి. వారు బయటపెట్టారు. ఇండొనేషియాలో కోతిపిల్లలను పట్టి, డబ్బిచ్చిన వారు అడిగిన విధంగా చిత్రహింస పెట్టి, ఆ దృశ్యాలు తీసి అమెరికాలో, బ్రిటన్‌లో వున్న వారికి అమ్మారు. అందరికీ కనబడే కోతిపిల్లల దృశ్యాల దగ్గర పోగైన జనంలోంచే ఆ రహస్య గుంపులు పుట్టాయి. కొందరికి జైలు శిక్షలు పడ్డాయి. ఎక్కడో జరిగింది మనకెందుకంటారేమో. సెల్లుకు సరిహద్దు లేదు కదా.

ఎక్కడో సంగతి అక్కర్లేదనుకుంటే ఇరుగుపొరుగు సంగతే వుంది. రావులపాలెంలో బయలుదేరి సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన దాటితే తణుకు అట్టే దూరం లేదు. ఆ తణుకుకు చెందిన డాక్టర్ గిరికుమార్ పాటిల్ వైద్యం చదవడానికి ఉక్రెయిన్ వెళ్లి అక్కడే ఎముకల వైద్యుడిగా స్థిరపడ్డారు. అక్కడి కీవ్ జంతుప్రదర్శనశాల నుంచి ఒక జాగ్వార్‌ను, ఒక నల్లచిరుతను కొనుక్కుని ఇంట్లో పెంచారు. రెంటికీ కలిపి సుమారు 35 వేల డాలర్లు వెచ్చించినట్లు పత్రికల్లో వచ్చింది. చిరంజీవి సినిమాలో చిరుతను చూసినప్పటి నుంచీ ఆ ముచ్చట వుందని ఆయనే విలేఖర్లకు చెప్పారు. వాటి దృశ్యాలను "జాగ్వార్ కుమార్ తెలుగు" పేరిట యూట్యూబ్‌లో పెట్టేవారు. గోదావరి జిల్లాల్లో వాటిని చూడని కుర్రవాడు అరుదు.

2022 ఫిబ్రవరిలో యుద్ధం వచ్చింది. ఆయన వుంటున్న సెవెరోదొనెత్స్క్ పట్టణం మీద బాంబులు పడ్డాయి. భారత విద్యార్థులను ప్రభుత్వం విమానాల్లో తీసుకువస్తుంటే, ఈ రెంటినీ విడిచి రానని ఆయన నేలమాళిగలో వాటితోనే వుండిపోయారు. ఆ మాట విని దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోదగినదే. కానీ ఆ జూన్ నెలలో పట్టణం రష్యా సేనల చేతికి పోయింది. ఆ ఏడాదిలోనే ఆయన వాటిని అక్కడి రైతు ఒకరికి అప్పగించి పోలండు చేరుకోవలసి వచ్చింది. తన ప్రాణులను కాపాడమని అక్కడి నుంచి భారత ప్రభుత్వానికి మొర పెట్టుకున్నారు.

ఆయన ప్రేమను శంకించనక్కరలేదు. చదువు వుంది, డబ్బు వుంది, ఆ దేశపు అనుమతి వుంది, ప్రాణం పెట్టే మనసు వుంది. అన్నీ వున్నవాడి దగ్గరే ఆ ప్రాణుల బతుకు ఒక్క నెలలో తలకిందులయింది. దక్షిణ అమెరికా అడవుల్లో మైళ్లకొద్దీ తిరగవలసిన జాతికి చెందిన ప్రాణి, తనకు సంబంధం లేని దేశంలో, తనకు తెలియని యుద్ధంలో, నేలమాళిగలో చిక్కుకుంది. అన్నీ వున్నచోటే ఇలా అయితే, మూడు గదుల డాబా ఇంట్లో సరదాకు తెచ్చి కట్టేసిన కోతి గతి ఏమిటన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

ఇక్కడే మరొక విచిత్రం. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అడవిలోనూ, ఆ తర్వాత కడియం నర్సరీల వైపునా ఒక చిరుత తిరిగినప్పుడు ఆ చుట్టుపక్కల జనం చీకటిపడితే గడప దాటలేదు. బోన్లు, కెమెరాలు పెట్టారు. అడవిలో తన మానాన తాను పోతున్న చిరుత అంటే అంత భయం. అదే చిరుతను మంచం మీద పడుకోబెట్టి కౌగలించుకున్న బొమ్మ కనబడితే "మా ఇంట్లోనూ ఒకటి వుంటే ఎంత బావుణ్ణు" అనే మాట. రెండూ ఒకే జంతువు, రెంటికీ అవే కోరలు.

ఇప్పుడు రావులపాలెం కోతుల సంగతికి వద్దాం. రాష్ట్రంలో పేరు మోసిన అరటి మార్కెట్టు ఇక్కడ వుంది. కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి గెలలతో సైకిళ్లు, ఆటోలు, లారీలు తెల్లవారకముందే చేరుతాయి. మాగి రాలిన కాయ, నలిగిన అత్తం పారబోసిన చోటికి కోతి రాక మరేం వస్తుంది? దానికితోడు జాతీయ రహదారి మీద పోయేవాళ్లు ఎక్కడ కోతుల గుంపు కనబడినా కారు ఆపి బిస్కత్తు చూపిస్తారు. ఒకడు అందిస్తాడు, ఒకడు సెల్లు పట్టుకుంటాడు. కోతి పొట్లం లాక్కుంటే ఆ దృశ్యం నలుగురూ చూస్తారు. మీదికి దూకితే నాలుగొందల మంది చూస్తారు. అందుకని మీదికి దూకేటట్లు కవ్వించేవాళ్లు కూడా తయారయ్యారు. పుణ్యానికని అరటిపండు పెట్టే భక్తుడి చెయ్యి వేరు, బొమ్మ కోసం పెట్టే చెయ్యి వేరు. కానీ రెండు చేతులూ కోతికి నేర్పేది ఒకే పాఠం: మనిషి చేతిలో తిండి వుంటుంది, లాక్కోవచ్చు అని.

ఆ పాఠం నేర్చుకున్న కోతి దారిపోయే కారు వెంట వెళ్లదు. ఊళ్లోకి వస్తుంది. పెంకులు లాగుతుంది, మేడ మీద ఎండబెట్టిన వడియాలు తింటుంది, కొబ్బరి పిందెలు తుంచి పారేస్తుంది, బడికి పోయే పిల్ల చేతిలోని సంచి గుంజుతుంది. కోతికి కొబ్బరికాయ దొరికినట్లు అని సామెత చెప్పుకోవడమే గాని, కోనసీమలో దొరకనిది ఎక్కడ? బొమ్మ తీసినవాడు విశాఖపట్నంలో వుంటాడు. కరిపించుకున్న ముసలమ్మ సర్కారు ఆసుపత్రి వరండాలో వుంటుంది. (కోతి కరిచినా, గీరినా గాయాన్ని సబ్బునీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి పిచ్చికుక్క కాటుకు వేసే సూదిమందే వేయించుకోవాలి. పసుపు, కారం అద్దుకుని కూర్చోకూడదు.)

అప్పుడేమవుతుంది? ఊరు తలా ఇంత చందా వేసుకుని కోతులు పట్టేవాళ్లను పిలుస్తుంది. ఇరుకు బోన్లలో ఇరవయ్యేసి, ముప్పయ్యేసి కుక్కి, రాత్రికి రాత్రి ఏటి అవతల దింపి వస్తారు. గుంపులో తల్లి ఒక చోట, పిల్ల ఒక చోట అయిపోతుంది. ఏటి అవతల ఊరు వాటిని మళ్లీ ఇవతలికి తోలుతుంది. సమస్య వంతెన మీద అటూ ఇటూ తిరుగుతుందే గాని తీరదు.

ఈ వంతెన మాటలో చాలామందికి తెలియని విశేషమొకటి వుంది. మన దేశంలో ఊళ్లలో తిరిగే కోతుల్లో ముఖ్యమైనవి రెండు జాతులు. ఉత్తరాది కోతికి తోక పొట్టి, వెనుకభాగం ఎర్రన. దక్షిణాది కోతికి తోక బారెడు, నడినెత్తిన టోపీ పెట్టినట్లు వెంట్రుకలు. ఈ రెంటికీ తూర్పున ఎల్ల గోదావరి నది అని శాస్త్రగ్రంథాలు చెబుతూ వచ్చాయి. వేల ఏళ్లుగా నది గీసిన గీత అది. అయితే ఉత్తరాది కోతి ఆ గీత దాటి దక్షిణానికి చొచ్చుకు వస్తున్నదనీ, దక్షిణాది కోతి తన పాత తావులను కోల్పోతున్నదనీ 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పట్టి తెచ్చి వదిలిపెట్టే మనుషులు కూడా ఇందుకు కొంత కారణమని తేల్చారు. దక్షిణాది కోతి మన దక్షిణాపథంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా లేదు. ఇంటి వెనక దొడ్లో రోజూ కనబడుతున్నది కాబట్టి దానికి కొరత లేదనుకోవడం సహజం. సెల్లులో రోజూ కనబడే జంతువు విషయంలోనూ అదే భ్రమ. 2008లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో, గొరిల్లాలు అంతరించిపోతున్నాయని చెప్పగలిగిన జనంలో కొందరు చింపాంజీలకు ఆ ప్రమాదం లేదనుకున్నారు. కారణం అడిగితే టెలివిజన్లో, సినిమాల్లో, ప్రకటనల్లో తరచూ కనబడుతున్నాయి కదా అన్నారు.

"ప్రేమతో పెంచుకుంటుంటే మీకేమిటి బాధ? ఆవును పెంచడం లేదా, కుక్కను పెంచడం లేదా?" అని వాదించేవారున్నారు. ఆవూ కుక్కా మనిషితో వేల సంవత్సరాలు కలిసి బతికి మనిషి దొడ్డికి అలవాటు పడినవి. కోతి అలా కాదు. కరెంటు తీగ తగిలి తల్లి చచ్చిపోతే పిల్లను జాలిపడి ఇంటికి తెచ్చుకున్న వాళ్లు పల్లెల్లో వున్నారు. వాళ్ల మనసు మంచిదే. రెండేళ్లు అది ఇంటిబిడ్డలాగానే తిరుగుతుంది. నాలుగైదేళ్లకు కోరలు వస్తాయి, కోపం వస్తుంది. ఒకనాడు ఇంటి పసివాణ్ణి కరుస్తుంది. ఆ రోజు నుంచీ దాని మెడకు గొలుసు. లేదంటే ఏ లారీ వెంటో పంపి ఏ అడవి దగ్గరో వదిలేస్తారు. కోతుల గుంపు దాన్ని రానివ్వదు, మనిషి దగ్గరికి వస్తే తంతారు. చొక్కా తొడిగిన దృశ్యాలు లక్షమంది చూసి వుంటారు. ఈ చివరి దృశ్యం ఎవరూ తీయరు. తల్లి చచ్చిన పిల్ల కనబడితే అటవీశాఖ వారికి కబురు పెట్టడమే దాని మీద చూపే జాలి.

చట్టం లేదా అంటే వుంది. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దేవాంగపిల్లిని, నక్షత్ర తాబేలును, ఆఖరికి మన రామచిలుకను సైతం పంజరంలో పెట్టడం నేరమే. 2022లో చేసిన సవరణతో విదేశీ జంతువుల్లో అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ పొందినవి కూడా చట్టం పరిధిలోకి వచ్చాయి. అలాంటివి దగ్గరున్నవారు ఆరు నెలల్లో నమోదు చేయించుకోవాలని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి. అదే 2022 సవరణలో ఉత్తరాది కోతిని మాత్రం రక్షణ జాబితాల్లోంచి తీసేశారు. ఇక దానికి దిక్కు 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. అందులో మొదటి తప్పుకు రాసిన జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలకు హోటల్లో భోజనం కూడా రాదు.

న్యాయం ఎటు మొగ్గిందో ఇక్కడ చూడవలసి వుంది. డమరుకం పట్టుకుని ఊరూరా తిరిగిన నిరుపేదను పోలీసు ఆపగలిగాడు. గాలి చల్లగా వచ్చే గదిలో కూర్చుని అదే ఆటను లోకమంతటికీ చూపించి సొమ్ము చేసుకునే వాణ్ణి ఆపేవాడు కనబడడం లేదు. ఒకప్పుడు మన దేశం నుంచి ఏటా లక్షకు పైగా కోతులు ప్రయోగశాలలకు ఓడల్లో, విమానాల్లో ఎగుమతి అయ్యేవి. అమెరికాలో వాటిని అణ్వాయుధ ప్రయోగాలకు వాడుతున్నారని తెలిసి 1978లో భారత ప్రభుత్వం ఆ వ్యాపారాన్నే నిలిపివేసింది. డాలర్లు పోతాయని వెనుకాడలేదు. ఆనాడు అంత గట్టిగా నిలబడిన దేశానికి ఈనాడు సెల్లు కంపెనీలను ఒక మాట అడగడం కష్టం కాకూడదు.

ఢిల్లీ సంగతి ఢిల్లీకి వదిలినా, పంచాయతీ చేతిలో పనులు కొన్ని వున్నాయి. మార్కెట్టులో పారేసే కాయను ఆరుబయట గుట్టలు పోయకుండా మూతవున్న గుంతలో వేయిస్తే సగం కోతులు ఊళ్లోకి రావు. గౌతమి వంతెనకు రెండు కొసలా "కోతులకు తిండి పెట్టరాదు, బొమ్మల కోసం కవ్వించరాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టించాలి. కోతులు పట్టేవాళ్లకు ఊరి చందా ఇచ్చేముందు అటవీశాఖ అనుమతి వుందో లేదో అడగాలి. తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020లో కోతుల సంరక్షణ కేంద్రం తెరిచి, వాటికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్సలు చేసే ఏర్పాటు చేశారు. గోదావరి జిల్లాలకు అలాంటిది ఒకటి కావాలని గ్రామసభల్లో తీర్మానాలు చేసి పంపవచ్చు. బడుల్లో ఉపాధ్యాయులు ఒక గంట కేటాయించి, కోతి ఇకిలింపుకు అర్థమేమిటో పిల్లలకు చెప్పవచ్చు. ఇవన్నీ వేసవి సెలవులకు ముందే జరగాలి. సెలవుల్లో పిల్లలు చెట్ల కిందే వుంటారు, ఇంట్లో పెద్దల సెల్లులూ వాళ్ల చేతుల్లోనే వుంటాయి.